అత్తగారి పెనానికి ఓవర్‌హాలింగ్

ఇక్కడ రాయబోయే ప్రతి అక్షరం నిజం. మా రైల్వే వర్క్‌షాపు సైరన్ మీద ఒట్టు, నా ఇరవై ఏళ్ల ఫిట్టరు సర్వీసు మీద ఒట్టు, అదీ చాలకపోతే మా అత్తగారి మీద ఒట్టు. ఈ మూడో ఒట్టు ఎంత ప్రమాదకరమో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. ఒక ఆదివారం పూట నేను మీటలు నొక్కి నొక్కి, రెండు తరాల అట్ల చరిత్రను మురిక్కాలవలో కలిపేశాను.

నాలుగేళ్ల కిందటి మాట. మా ఆవిడ పార్వతికి మణికట్టు నొప్పి వస్తే, అంట్లు తోమొద్దని డాక్టరు చెప్పాడు. నేను తోముతానని ముందుకొచ్చాను. రెండు రోజులు నా తోముడు చూసి ఆవిడ డిష్‌వాషర్ తెప్పించింది. ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో మా క్వార్టరు వంటగది ఎంతంటే, అందులోకి మెషీను చేరాక మేమిద్దరం ఒకేసారి లోపల నిలబడాలంటే ఒకరు ఊపిరి బిగబట్టాలి.

ఆ నెలలోనే పార్వతి వాళ్లమ్మను తీసుకురావడానికి విజయనగరం వెళ్లింది. రైలెక్కుతూ ఒక్క మాట చెప్పింది.

"అమ్మ వచ్చీసరికి పెనం రడీగా ఉంచండి. దిగగానే దాని మీద అట్టేసి సూస్తాది."

అది మామూలు పెనం కాదు. మా అత్తగారికి వాళ్లమ్మ ఇచ్చిన ఇనప పెనం. పార్వతి పెళ్లికి ఆవిడ దాన్ని కూతురికి అప్పగించింది. నూనె తాగి తాగి కాకి రెక్కలా నిగనిగలాడేది. దాని మీద అట్టు పోస్తే దానంతటదే లేచి పళ్లెంలోకి నడిచి వచ్చేది. కూతురు దాన్నెలా చూసుకుంటోందో కళ్లారా చూడాలని ఆవిడ మొదటిసారి మా ఊరు వస్తోంది.

ఇప్పుడు మీరు ఒక్క నిమిషం నా బుర్రలోకి రావాలి. అక్కడ ఇరుకే, సర్దుకోండి. మా షాపులో "రడీ" అంటే ఒకటే అర్థం. తనిఖీకి ముందు బండి కింది సామాను విప్పి, మడ్డి వదలగొట్టి, లోహం తెల్లగా మెరిసేదాకా కడగాలి. ఎక్కడైనా నల్ల మచ్చ కనిపిస్తే ఇన్‌స్పెక్టరు వెనక్కి పంపేస్తాడు. జేబులో గరుకు కాగితం ముక్క లేకుండా నేను గుడికి కూడా వెళ్లనంటే చూసుకోండి. మరి అత్తగారి రాక తనిఖీ కాక ఏమిటి?

ఆదివారం పొద్దున్నే పెనాన్ని, దాంతోపాటు పేరుకున్న గిన్నెల్ని మెషీనులో పేర్చాను. మీటల దగ్గర ఆగిపోయాను. ఎక్స్‌ప్రెస్, హెవీ డ్యూటీ, ఇంటెన్సివ్ అని ఉన్నాయి. పక్క క్వార్టరు దాదాను పిలిచాను. గూడ్సు బండి గార్డు, బెంగాలీ మనిషి, మన తెలుగు మనకంటే ధైర్యంగా మాట్లాడతాడు.

"హెవీ మానే మాల్‌గాడీ, గూడ్సు బండి, రావుబాబు," అన్నాడు. "ప్రతి సిగ్నల్ కాడ నిలబడిపోతాది. ముప్పై ఏళ్లు దాని ఎనకాలే కూర్చున్నాను, నాకు తెల్దా. ఎక్స్‌ప్రెస్ ఎయ్యి."

ఎక్స్‌ప్రెస్ అరగంటలో అయిపోయింది. టీ గ్లాసులు మెరిశాయి. పప్పు గిన్నెలో పప్పు మాత్రం రిజర్వేషన్ ఉన్నట్టు కూర్చునే ఉంది. గోరువెచ్చని నీళ్లు ఏ స్టేషన్లోనూ ఆగకుండా వెళ్లిపోయాయన్నమాట.

"ఠీక్ హై, మాల్‌గాడీయే ఎక్కించు," అన్నాడు దాదా.

హెవీ డ్యూటీ రెండు గంటలు దాటి నడిచింది. ముందొకసారి తడిపి నానబెట్టి, నీళ్లు బాగా కాచుకుని, తీరిగ్గా కడిగింది. పప్పు దిగిపోయింది. కూర గిన్నెల జిడ్డు వదిలింది. పాలగిన్నె అడుగున మాడిన చెక్కు మాత్రం కదల్లేదు. పెనం మెరుపు తగ్గింది గాని నలుపు అలాగే ఉంది.

"ఇంటెన్సివ్ అంటే ఏటి దాదా?"

"ఆస్పత్రిలో ఉంటాది కదా. అందులోకెళ్లినోళ్లు మళ్లీ మామూలుగా రారు."

ఇంతకంటే స్పష్టమైన హెచ్చరిక ఉంటుందా? నేను మీట నొక్కాను.

హెవీ కంటే వేడి ఎక్కువ, నీళ్ల దెబ్బ ఎక్కువ. లోపల మెయిలు బండి వంతెన దాటుతున్న చప్పుడు. తలుపు తీస్తే ఆవిరికి దాదా కళ్లజోడు మసకబారింది. పాలగిన్నె అడుగున నా మొహం కనిపించింది. అల్యూమినియం మూతలు అలిగి బూడిద రంగుకు తిరిగాయి. పెనమా? వెండి పళ్లెంలా మెరిసిపోతోంది.

"ఫస్ట్ క్లాస్," అన్నాడు దాదా.

మర్నాడు పొద్దున అత్తగారు దిగారు. కాళ్లు కడుక్కుని తిన్నగా వంటగదిలోకి నడిచారు. పెనం అంచున అప్పటికే పసుపు రాసినట్టు తుప్పు.

"ఇదెవులి పెనం, బాబూ?"

"మీదే అత్తయ్యా."

"నాది నల్లటిది."

"మెషీనులో కడిగినానండీ. ఓవర్‌హాలింగ్ అయిపోయింది. ఇక పాస్ చెయ్యడమే."

పార్వతి గుమ్మం పట్టుకుంది. అత్తగారు ఊరి నుంచి డబ్బాలో తెచ్చిన పిండితో అట్టు పోశారు. అది లేవలేదు. అట్లకాడతో గీకితే ముక్కలై వచ్చింది. ఆ ముక్కల వంక చూస్తూ మెల్లగా అన్నారు.

"మా యమ్మ పోయినాక కూడా దీని మీద అట్టేస్తే ఆవిడ సేతి వాసనొచ్చేది, బాబూ."

నేలలోకి దిగిపోదామనుకున్నాను. రైల్వే గచ్చు, బీటలున్నా దారివ్వలేదు.

"తప్పయిపోయింది అత్తయ్యా. షాపులో ఇలగే సేస్తాం."

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని నేనూ ఏడవడానికి సిద్ధపడ్డాను. తీరా చూస్తే నవ్వుతున్నారు.

"ఒలే పార్వతీ, ఏ మీట నొక్కినారే మీ ఆయన?"

"అన్నీ నొక్కినారంట. అందులో ఒకదాని పేరు హెవీ డ్యూటీ."

"అయితే ఆ డ్యూటీ ఈయనకే ఎయ్యి."

వేశారు. రోజూ షిఫ్టుకు ముందు పెనానికి నూనె రాసి, కాల్చి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది, ఒక అట్టు పోయాలి. లేవకపోతే ఆ ముక్కలు నేనే తినాలి. స్టూలు మీద కూర్చుని అత్తగారి తనిఖీ. పది రోజులకని వచ్చినావిడ, అట్టు లేచేదాకా కదలనని మూడు నెలలు ఉన్నారు. ఆఖరికి ఒకటి చిరగకుండా లేచింది. ఆవిడ తుంచి వాసన చూశారు.

"మా యమ్మ రాలేదు గాని, పర్లేదు బాబూ. మీ సేతి వాసనొస్తంది."

కనుక ట్రాఫిక్ కాలనీ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట నల్లగా ఉన్న ఏ వస్తువునూ మా ఆవిడ రాతపూర్వక అనుమతి లేనిదే తెల్లగా చెయ్యను. నా జుట్టు దానంతటదే తెల్లబడుతోంది, దానికి నా పూచీ లేదు.

ఇక మొదట్లో వేసిన ఒట్లలో మూడోది వెనక్కి తీసుకుంటున్నాను, అత్తగారి ఆరోగ్యం నాకు ముఖ్యం. ఒక్కచోట కల్పించాను. ఇంటెన్సివ్ నుంచి బయటికొచ్చిన పెనం వెండిలా ఏమీ లేదు. పాపం ఆ మెషీను చేసిందల్లా నలుపును అక్కడక్కడ లేపడం. మిగతాదంతా నా జేబులోని గరుకు కాగితం, గంటన్నర పని. అత్తగారు ఇప్పటికీ వచ్చినప్పుడల్లా ఆ మెషీను ముందు నిలబడి దాన్నే తిడతారు. అది కిక్కురుమనదు. మీరూ అనకండి.