నూతి ఒరలో రోడోడెండ్రాన్

డార్జిలింగు వెళ్లినవాళ్లు టీ పొడి తెచ్చుకుంటారు. మా ఆవిడ రోడోడెండ్రాన్ మొక్క తెచ్చింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. కొండ మీద ఎర్రటి పూలగుత్తులు కనిపించగానే జీపు ఆపించింది. మా వెనక జీపులు ఆగాయి, వాటి వెనక బస్సులు ఆగాయి, నాకు తెలిసి ఆ పూట సగం బెంగాల్ ఆగిపోయింది. ఆ పువ్వు పలాసలో మన గుమ్మం ముందు ఒక్కటంటే ఒక్కటి పూస్తే చాలు, ఇంకేమీ అడగనంది. పెళ్లయ్యాక ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదలు కాబట్టి అక్కడికక్కడే మొక్క కొనేశాను.

చిక్కంతా అది ఎంత ఎదుగుతుందన్న దగ్గర వచ్చింది. అమ్మిన ముసలాయన భాష మాకు రాదు. సైగ చేసి అడిగితే మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. మళ్లీ అదే చేత్తో కొండ మీదున్న మేడంత చెట్టునూ చూపించాడు. తిరుగు రైల్లో మొక్కను ఒళ్లో పెట్టుకుని నేను మోకాలంటాను, ఆవిడ మేడంటుంది. ఇచ్ఛాపురం వచ్చేసరికి పెట్టెలో జనమంతా ఆవిడ పార్టీలో చేరిపోయారు.

ఇంటికి చేరామో లేదో, తీర్పు చెప్పడానికి బావ దిగాడు. బావంటే మా ఆవిడకు అన్న. ఉద్దానంలో కొబ్బరితోట. కొబ్బరి మొలక మొదలు ఎంత లావుందో చూసి, అది ఎలాంటి చెట్టవుతుందో చెప్పేస్తాడు. ఆ విద్యలో ఆయనకు తిరుగులేదు. కాకపోతే ఆయన లెక్కలో లోకంలోని మొక్కలన్నీ కొబ్బరి మొక్కలే, కొన్నింటికి ఆ సంగతి ఇంకా తెలియదంతే.

“ఏటి బావా, దీన్ని కుండీలో పెడతావేటి? మొదలు సూడు. మానైపోతాది,” అన్నాడు.

మోకాలెత్తే పెరుగుతుందట, అన్నాను.

“ఎవుడు సెప్పినాడు?”

డార్జిలింగు ముసలాయన, అన్నాను.

“ఆడికి కొబ్బరి తెలుసా?”



మర్నాడు ట్రాక్టరు మీద నూతి ఒర దిగింది. నుయ్యి తవ్వినప్పుడు లోపలికి దించుతారే, ఆ సిమెంటు ఒర. ఏనుగు కాళ్లు కడుక్కోవడానికి సరిపోతుంది. ముందుముందు మానయ్యే మొక్కకు ఇప్పుడే చోటు చూపించాలట. దాన్ని గుమ్మం ముందు దింపించి, నన్ను టీ చెప్పి రమ్మని లోపలికి పంపి, మట్టీ పెంటా తనే నింపి, నడిమధ్యన మొక్క పాతాడు. దూరం నుంచి చూస్తే కల్యాణ మండపంలో తప్పిపోయిన పిల్లలా ఉంది. గేటు సగం కూడా తెరుచుకోక నా స్కూటరు వీధినపడింది. ఎండకు ఎండి, వానకు తడిసి దాని రంగు ఏమిటో నేనే మరిచిపోయాను.

మొక్క మాత్రం వెంట్రుకంత ఎదగలేదు. పైగా ఆకుల అంచులు నిప్పు సోకినట్టు మాడడం మొదలుపెట్టాయి. మా ఆవిడ అన్నం ముందు కూర్చుని కూడా గుమ్మం వైపే చూసేది. ఒక రోజు వేళ్ల దగ్గర మట్టి తవ్వింది. తెల్లటి పలుకులు బయటపడ్డాయి. ఉద్దానం ఆడపడుచు కదా, నాలుక మీద వేసుకోకుండానే పోల్చేసింది. అక్కడ కొబ్బరి మొక్క నాటితే గోతిలో ముందు కల్లుప్పు వేస్తారు. బావ ఆచారం తప్పలేదు, దోసిళ్లకొద్దీ పోశాడు.

కోపం అన్న మీద రావాలా? నా మీద వచ్చింది.

“మీరు ఇంట్లోనే ఉన్నారు కదండీ. ఏటి సేత్తన్నారు?”

టీ చెబుతున్నానన్నాను.

ఆవిడ మొక్కను పెకలించి, వేళ్లు కడిగి, జీడితోటలో కుళ్లిన ఆకు ఏరి తెచ్చి, పాత మట్టికుండీలో నాటింది. ఎండాకాలమంతా కుండీకి తడిగుడ్డ చుట్టి, టేబుల్ ఫ్యాన్ దానివైపు తిప్పింది. నేను విసనకర్రతో బతికాను. మొదటి శీతాకాలం మొగ్గలు వేసి రాల్చేసింది. ఆవిడ రాలిన మొగ్గలను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు గుమ్మంలో నిలబడింది. మరుసటి శీతాకాలం ఒక్క మొగ్గ నిలబడింది. విచ్చింది. ఎర్రగా, జీడిపండంత. వీధి వీధంతా వచ్చి చూసి, మందారమే పెద్దదని చెప్పి వెళ్లారు. మా ఆవిడకు ఆ మాట వినిపించనే లేదు.

కబురు తెలిసి బావ వచ్చాడు. నేను గొంతు సవరించుకుని, మోకాలెత్తున ఉన్న మొక్క పక్కన మోకాలు పెట్టి మరీ నిలబడ్డాను. ఆయన నా మోకాలి వైపైనా చూడలేదు.

“సెప్పలేదేటి? ఉప్పు పడ్డాది కాబట్టే పూసింది,” అన్నాడు.

ఇక ఈ రోజుతో తేలిపోవాలని నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ అందుకుంది. “అవును అన్నియ్యా,” అంది, పువ్వు మీంచి చూపు తిప్పకుండా.

ఇంకా బాగా పూయాలని ఆయన కల్లుప్పు మూట కూడా తెచ్చాడు. ఆవిడ రెండు చేతులా అందుకుని, ఎంతో మర్యాదగా వంటింట్లోకి తీసుకెళ్లింది. ఆ ఏడు మా ఆవకాయ అంతా ఆ ఉప్పుతోనే. తిన్న ప్రతిసారీ బావ, మొక్క బాగుందా అని అడిగేవాడు. బ్రహ్మాండంగా ఉందనేది ఆవిడ. నూతి ఒర ఇంకా గుమ్మం ముందే ఉంది. నా స్కూటరు ఇంకా వీధిలోనే ఉంది.