తొంభై ఏడు గజాల దూరంలో చిన్నాయన

ఆ రోజుల్లో మెడలో ఐడీ కార్డు పడిందంటే చాలు, ఊరంతా నా కిందే పనిచేస్తున్నట్టు నడిచేవాణ్ణి. ఎల్బీనగర్‌లో ఒక మునిసిపల్ ఆఫీసు, లైసెన్సుల సెక్షన్, ఔట్‌సోర్సింగ్ కొలువు. (ఔట్‌సోర్సింగ్ అన్న ముక్క ఇంట్లో చెప్పలేదు. సర్కారు నౌకరీ అనుకుని చిన్నమ్మ గల్లీ అంతా లడ్డూలు పంచింది, ఇక చెప్పే వీలు లేకపోయింది.) పాల ప్యాకెట్టుకు కూడా కార్డు వేసుకునే వెళ్లేవాణ్ణి. నల్లగొండ పల్లె నుంచి నన్ను తెచ్చి డిగ్రీ దాకా చదివించింది మా చిన్నాయన. ఆయనకు కొత్తపేట గల్లీలో పాన్ డబ్బా ఉండేది. నా ఫీజులన్నీ అందులోంచి వచ్చినవే. ఇక ఆ డబ్బాకు నేనే అండ అని నాకు నేనే చెప్పుకుని మురిసిపోయాను.

చేరిన మూడో నెలలో మా సార్ ఒక లిస్టూ టేపూ చేతికిచ్చారు. ఆయన కోస్తా మనిషి, గొంతు పెంచకుండానే భయపెట్టేవారు. పొగాకు అమ్మే దుకాణానికి లైసెన్సు ఇవ్వాలంటే అది స్కూలు గేటుకు వంద గజాల అవతల ఉండాలట. అప్పటిదాకా గజాలంటే ప్లాట్ల బేరమనే అనుకునేవాణ్ణి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద నల్లద్దాల హుక్కా సెంటర్ల మాటేమిటని తెలివిగా అడిగాను.

"అవి కాగితం మీద రెస్టారెంట్లయ్యా. నీ లిస్టులో ఉన్నవి చూసుకుని రా," అన్నారు.

నా లిస్టులో ఏడో పేరు చిన్నాయనది.

టేపు రెండో కొస పట్టే మనిషిని ఆఫీసు ఇవ్వలేదు. చిన్నాయనే డబ్బా చిన్నమ్మకు అప్పగించి, తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. ఆరు దుకాణాలకు ఆయన కొస పట్టాడు, నేను హుకుంలు జారీ చేశాను. అడిగినవాడికీ అడగనివాడికీ "మా వోడే, ఆఫీసర్" అని చెప్పుకున్నాడు. ఏడోది ఆయన డబ్బా. డబ్బాకూ స్కూలు గేటుకూ మధ్య రెండు ఆటోలు ఆగి ఉన్నాయి. టేపు వాటి చుట్టూ తిప్పితే వంద దాటుతుంది, నేరుగా లాగితే దాటదు. నేను గమనించనట్టు తిప్పబోయాను. ఆయన ఆటోవాళ్లను బతిమాలి బండ్లు పక్కకు తీయించాడు.

"సక్కగ గుంజు," అన్నాడు గేటు దగ్గర కొస పట్టుకుని. "వంకర పెడితే రేపు నిన్నే అడుగుతరు."

తొంభై ఏడు గజాలు. మూడుసార్లు కొలిచినా అంతే.

తొంభై ఏడనే రాశాను. అది నిజాయితీ అని ఆ రోజు నా భుజం నేనే తట్టుకున్నాను కానీ, నిజానికి అది భయం. నాలాంటివాణ్ణి ఒక్క ఫోన్‌తో తీసేస్తారు. ఆ డబ్బా మా చిన్నాయనదేనని సార్‌కు నసుగుతూ చెప్పాను. "అయితే ఇంకా జాగ్రత్తగా కొలిచి ఉంటావు," అని సంతకం పెట్టారు. నోటీసు వస్తే చిన్నాయన చదవమని నాకే ఇచ్చాడు. నేను రాసిందే నేను చదివి వినిపించాను. ఆ తర్వాత పది రోజులకు లారీ వచ్చి డబ్బాను ఎత్తుకుపోయింది. చిన్నమ్మ తమలపాకుల బుట్ట పట్టుకుని రోడ్డు మీద నిలబడిపోయింది. ఎవరు రాసిన్రని ఏడుస్తూ అడిగింది.

చిన్నాయన నా వైపు చూడలేదు. "ఎవరో పెద్ద సార్లు. మనోడు ఆపనీకి శాన తిరిగిండు," అన్నాడు.

ఇప్పుడాయన మీర్‌పేట్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. అంత పొడుగు మనిషి మెట్ల కింద గదిలో వంగి నడుస్తుంటే చూడలేను. మొన్న చిన్నమ్మ వినకుండా అడిగేశాను, దూరం చాలదని తెలిసి ఆటోలు ఎందుకు తీయించావని.

"ఇరవై ఏండ్లు నడిచిన తొవ్వ, నాకెర్క లేదా," అన్నాడు. "డబ్బా పోతే ఇంకో పని జూసుకుంట. సర్కారు నౌకరీ పోతే మల్ల దొరుకుతదా?"

ఆ కొలువు ఆర్నెల్లకే ముగిసింది. కాంట్రాక్టు అయిపోయిందని పంపించేస్తే, నచ్చక నేనే మానేశానని ఇంట్లో కోతలు కోశాను. అంత నౌకరీ వదిలేసినందుకు కూడా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు.

నేను వెళ్లినప్పుడల్లా చిన్నమ్మ ముందు నాకే వడ్డిస్తుంది, డబ్బా కోసం అంతగా తిరిగిన పిల్లగాణ్ణని. మెడలో కార్డుతో తిరిగిన ఆ ఇరవై రెండేళ్ల ఆఫీసరు గుర్తొచ్చి నవ్వొస్తుంది. తల దించుకుని తింటాను. చిన్నాయన ఏమీ తెలియనట్టు నా గ్లాసులో నీళ్లు పోస్తాడు.