గంతలు కట్టి రాయించిన అక్షరాలు

తొమ్మిదేళ్ళుగా ఒక మాటను మింగలేక కక్కలేక తిరుగుతున్నాను. మా ఆయనకు తెలియదు. మా అమ్మ తెలియకుండానే పోయింది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను. ఒక పసిపిల్ల కన్ను సంగతి తెలిసి కూడా దాచాను. పొరపాటు అని పేరు పెట్టి సర్దుకుందామని ఇన్నేళ్ళూ చూశాను. నా నోటికే ఆ మాట రావడం లేదు.

మాది ముక్తేశ్వరం దగ్గర ఒక చిన్న కాన్వెంటు. కొబ్బరితోట పక్కన నాలుగు రేకుల గదులు. నేను యూకేజీ టీచర్ని. అక్షరాలు నేర్పడంలో నాకు మంచి పేరుండేది, ఆ పేరంటే నాకు ప్రాణం కూడాను. నా పద్ధతి మా నాన్న నాకు నేర్పిన పద్ధతే. పిల్ల వెనక కూర్చుని, బలపం పట్టుకున్న చిన్న చేతిని నా చేతిలోకి తీసుకుని పలక మీద దిద్దించడం. పదిసార్లు, ఇరవైసార్లు, యాభైసార్లు. కొన్నాళ్ళకు చెయ్యి దానంతటదే తిరుగుతుంది, అప్పుడు నేను మెల్లిగా వదిలేస్తాను. పిల్ల చూసి రాస్తోందా, చూడకుండా రాస్తోందా? ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. అక్షరం గుండ్రంగా వచ్చిందా లేదా, అంతే నాకు కావలసింది.

ఆ ఏడు లాస్య నా క్లాసులో చేరింది. పేర్లు మార్చి రాస్తున్నాను. ఐదేళ్ళ పిల్ల. తండ్రి కువైట్‌లో డ్రైవరు. తల్లి వరలక్ష్మిగారు రోజూ సాయంత్రం వచ్చి, పలక మీద పాప రాసింది ఫోటో తీసి ఆయనకు పంపేవారు. లాస్య చెయ్యి ఎలా తిప్పితే అలా తిరిగేది, ఒకసారి తిరిగింది మరిచిపోయేది కాదు. కానీ బోర్డు మీద కొత్త బొమ్మ వేసి, చూసి గియ్యమంటే తెల్లమొహం వేసేది. పూసలు గుచ్చమంటే దారం పూస పక్కనుంచి పోయేది. బంతి విసిరితే మొహానికి తగిలేదాకా చేతులు లేచేవి కావు. బద్ధకం అనుకున్నాను. ఒకసారి అందరిలో అలాగే తిట్టాను కూడా.

ఒకరోజు ఆటకి కళ్ళు మూసుకుని పలక మీద అచ్చులన్నీ రాసేసింది. మా ప్రిన్సిపాల్ గారు చూసి మురిసిపోయారు. యానివర్సరీలో స్టేజీ మీద పాప కళ్ళకు గంతలు కట్టి రాయిద్దామన్నారు. ఊరంతా చూస్తుంది, వచ్చే ఏడు పిల్లలు చేరతారు. నా ఒళ్ళు పొంగిపోయింది. నా పద్ధతికి ఇంతకంటే ఏం కావాలి?

యానివర్సరీ నాలుగు రోజులుందనగా క్లాసులో ఒకసారి చేయించి చూద్దామని చేతిరుమాలు కట్టాను. అది జారి ఎడమకన్ను మీదే ఉండిపోయింది. కుడికన్ను బయటికి వచ్చేసింది. నేను సర్దేలోగా లాస్య సుద్దముక్క కోసం చెయ్యి చాపింది. తెల్లటి సుద్దముక్క నల్లరంగు వేసిన బల్ల మీద దాని ముందే ఉంది. పాప బల్లంతా తడుముకుంది.

నేను లేచి తలుపు దగ్గరగా వేశాను. ఎందుకు వేశాను? ఎవరూ చూడకూడదని అప్పుడే అనుకున్నానన్నమాట. ఎడమకంటిని అరచేత్తో మూసి మూడు వేళ్ళు చూపించాను. ఐదు అంది. రెండు చూపించాను. ఏడుపుమొహం పెట్టింది. కుడికన్ను మూస్తే టకటకా చెప్పింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. ఎనిమిది నెలలు ఆ పిల్ల చెయ్యి పట్టుకు కూర్చున్నదాన్ని, ఒక కంటికి సరిగ్గా ఏమీ కనబడటం లేదని నాకు తెలియలేదు. తెలిసిన ఆ నిమిషంలో కూడా నాకు భయం వేసింది పాప గురించి కాదు. నా గురించి.

ఆ సాయంత్రమే వరలక్ష్మిగారు గేటు దగ్గర ఆగారు. ఆ మాటలు పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"మేడమ్ గారండీ, పాప టీవీకి మరీ దగ్గరగా కూచుంటందండి. బొమ్మలు చూసేటప్పుడు తల ఓ పక్కకి వాల్చేస్తంది. ఎందుకైనా మంచిది, అమలాపురంలో కళ్ళ డాక్టరు గారికి చూపించమన్నేరండి వాళ్ళ నాన్నగారు. మీరేమంటారు?"

"ఏం లేదండి. ఈ వయసులో పిల్లలందరూ అంతేనండి."

"అంతేనంటారా?"

"కళ్ళు బాగోకపోతే అక్షరాలు అంత గుండ్రంగా ఎలా రాస్తుందండి? పలక మీరూ చూస్తున్నారు కదా."

"ఆయ్, అదీ నిజమేనండి. రోజూ చూసే మీరే అన్నేక ఇంకేముందండి."

నవ్వుతూ పాపను స్కూటీ ముందు నిలబెట్టుకుని వెళ్ళిపోయారు. డాక్టరు దగ్గరికి వెళితే స్టేజీ మీది ఆట ఆగిపోతుంది. ఇన్నాళ్ళూ మీరేం చూశారు మేడమ్ అని అందరూ అడుగుతారు. యానివర్సరీ కాగానే చెబుదాం అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక ఆ రాత్రి నిద్ర పట్టడానికి అలా చెప్పుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

యానివర్సరీ రోజు గంతలు నేనే కట్టాను. ఈసారి జారకుండా రెండు ముళ్ళు వేశాను. పాప బోర్డు మీద చకచకా రాసేసింది. చప్పట్లు ఆగలేదు. వరలక్ష్మిగారు ఫోనులో భర్తకు చూపిస్తూ ఏడ్చేశారు. ఆ తరవాత చెప్పడం ఎలా? ఇవాళ కాదు రేపు అనుకుంటూనే వేసవి సెలవులొచ్చాయి, వాళ్ళు రావులపాలెం మారిపోయారు. హమ్మయ్య అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నాను.

రెండు నెలల క్రితం రావులపాలెం బస్టాండులో తల్లీకూతుళ్ళు కనిపించారు. లాస్య తొమ్మిదో తరగతి. పరిగెత్తుకెళ్ళి నాకు చెరుకురసం తెచ్చింది. గ్లాసు పెట్టే ముందు రెండో చేత్తో బల్ల అంచు తడిమి చూసుకుంది.

వరలక్ష్మిగారే అంతా చెప్పారు. పదకొండో ఏట స్కూల్లో కళ్ళ పరీక్ష పెడితే బయటపడిందట. చూడటం కూడా నడకలాగే చిన్నప్పుడు నేర్చుకునేదట. ఆ కన్ను అది నేర్చుకోకుండానే ఉండిపోయిందట. మంచి కంటిని రోజూ కొన్ని గంటలు మూసి, రెండో కంటికి పని చెప్పాలట. ఐదేళ్ళప్పుడు తెచ్చి ఉంటే చాలావరకు వచ్చేదమ్మా అన్నారట డాక్టరు. ఏడాది పాటు మూసి చూశారు, కొద్దిగానే వచ్చింది. వైద్యం ఒక కంటికి గంత కట్టడం. నేను చప్పట్ల కోసం రెండింటికీ కట్టాను.

అప్పుడు ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. కన్నతల్లినై ఉండి నేనే కనిపెట్టలేకపోయాను మేడమ్ అన్నారు. గేటు దగ్గర నన్ను అడిగిన సంగతి ఆవిడకు గుర్తే లేదు. అది గుర్తులేనందుకు నాలో ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, మీ తప్పేముందండి, ఎవరికి మాత్రం తెలుస్తుంది అన్నాను. ఈ నోటితోనే అన్నాను. మొదటి అబద్ధానికి భయమనైనా చెప్పుకోవచ్చు. దీనికేం చెప్పుకోను? ఎదురుగా ఆగిన బస్సు ఎక్కేశాను. అది రాజమండ్రి వెళ్ళే బస్సు. జొన్నాడలో దిగి వెనక్కి వచ్చాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించడానికి మీకేం పోయింది గనక. ఆవిడ ముందు నిలబడి చెప్పే ధైర్యం వస్తుందో రాదో కూడా తెలియదు. ఇంతవరకు రాశాక మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. కాబట్టి మిగిలింది కూడా రాసేస్తాను.

వరలక్ష్మిగారూ, మీరు కనిపెట్టారు. గేటు దగ్గర ఆగి నన్ను అడిగారు. అప్పటికి గంట ముందే నాకు తెలుసు.