వారంపాటు విప్పని కట్టు

మొన్న కొత్త బూట్లు కరిచి మా మనవరాలి మడమ బొబ్బెక్కింది. సూపర్‌మార్కెట్‌లో కూరలతోపాటు ఒక ప్లాస్టర్ బిళ్ళ కొనుక్కొచ్చి, తనే అంటించుకుని, నాలుగు రోజులు దాని వంక చూడనైనా చూడలేదు. అలాంటి బిళ్ళ కోసమే మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో మా ఇంట్లో నేను యుద్ధం చేశానంటే ఈ పిల్ల నమ్మదు గానీ, నా ఈడువాళ్ళు మీరు నమ్ముతారు.

అవి వైటూకే రోజులు. మావారు కంప్యూటర్ ఉద్యోగానికి మెల్‌బోర్న్ వచ్చారు. గుంటూరులో పదేళ్ళు స్టాఫ్ నర్సుగా చేసిన నేను వెనకాలే వచ్చి, ఇక్కడి రిజిస్ట్రేషన్ చేతికొచ్చేదాకా ఒక వృద్ధాశ్రమంలో సహాయకురాలిగా కుదిరాను. తోటి తెలుగు ఆడవాళ్ళంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులు చేసి ఆఫీసులకు వెళ్తుంటే, నన్నూ ఆ పుళ్ళు కడిగే పని మానేసి వాటిలో చేరమని మావారు పోరు పెట్టేవారు. చేరనుగాక చేరనన్నాను. ఇండియానుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చిన మా అత్తగారైతే, కేరమ్ డౌన్స్‌లో ఉన్న మన గుడిలో ఎవరు పలకరించినా మా కోడలిదీ కంప్యూటర్ ఉద్యోగమేనని చెప్పేసేవారు. నేను పక్కనే నిలబడి, కాదండీ, నర్సునని దిద్దేదాన్ని. ఇంటికొచ్చాక రెండు రోజులు ఆవిడకు నాతో మాటలుండేవి కావు.

ఆవిడ చీలమండ పైన రెండేళ్ళుగా మానని పుండు ఉండేది. రోజూ స్నానానికి ముందు కట్టు విప్పడం, పుండు ఆరబెట్టడం, పసుపు అద్దడం, పొడి గాజుగుడ్డ చుట్టడం, మర్నాడు ఆ గుడ్డ పీకితే దానితోపాటు కొత్తగా వచ్చిన చర్మమూ ఊడిరావడం, ఇదీ వరస. క్లినిక్‌కు తీసుకెళ్ళాను. కాలికి రక్తం బాగానే దిగుతోందని, తిరిగి పైకి ఎక్కాల్సిందే నిలిచిపోతోందని పరీక్షలో తేలాక, పుండు మీద తేమ నిలిపే మెత్తటి బిళ్ళ, దానిపైన వేళ్ళ మొదలునుంచి మోకాలిదాకా బిగువు కట్టు వేసి, వారందాకా కదిలించవద్దన్నారు. వాసన వస్తుందనీ, భయపడవద్దనీ ముందే చెప్పారు.

వారం విప్పకపోతే మడి ఎలాగ? కాలికి ప్లాస్టిక్ సంచి కట్టుకుని చేసేది స్నానమే కాదని ఆవిడ దేవుడి గదిలోకి అడుగుపెట్టడం మానేశారు. నాలుగో రోజుకు వాసన మొదలైంది. చీము పట్టిందని, కాలు తీసేయాల్సొస్తుందని ఏడ్చారు. మావారు ఆఫీసునుంచి పరుగెత్తుకొచ్చి కత్తెర పట్టుకున్నారు.

“ఇన్‌ఫెక్ట్ అయిందేమో, జస్ట్ ఓపెన్ చేసి చూద్దాం” అన్నారు.

నేను అడ్డంగా నిలబడి, ముందు ఆవిడ కాలివేళ్ళు పట్టుకుని చూశాను, వెచ్చగానే ఉన్నాయి. జ్వరం లేదు, కట్టుకు పైన ఎరుపు లేదు, నొప్పి పెరగలేదు. వాటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ క్షణమే నేనే కత్తిరిస్తానన్నాను.

“ఈ ఇంట్లో పుళ్ళ సంగతి తెలిసింది నాకొక్కదానికే. విప్పను.”

పైకి అంత గట్టిగా అన్నాను గానీ, నా లెక్క తప్పితే ఆవిడ కాలూ పోతుంది, నర్సునని చెప్పుకునే నా నోరూ మూతపడుతుంది. మిగిలిన మూడు రోజులూ పూటకోసారి ఆ వేళ్ళు తడిమాను.

ఏడో రోజు విప్పితే పసుపుపచ్చటి జిగురు, చీములాగే ఉంది. తల్లీకొడుకులిద్దరూ మొహాలు తిప్పేసుకున్నారు. ఉప్పునీటితో కడిగితే అది కాస్తా జారిపోయి, అడుగున పుండు ఎర్రగా, ఆరోగ్యంగా, అంచులు కాస్త లోపలికి జరిగి కనిపించింది. ఆవిడ వంగి చాలాసేపు చూసుకుని, మళ్ళీ కట్టమని కాలు చాపారు. తిరిగి వెళ్ళేనాటికి పుండు పూర్తిగా మూసుకుంది. గుడిలో మాత్రం చివరి ఆదివారం కూడా నాది కంప్యూటర్ ఉద్యోగమే!

ఆవిడ కాలం చేశాక మా ఆడపడుచు చెప్పింది. ఇండియా వెళ్ళాక ఒకసారి పుండు మళ్ళీ తిరగబెట్టిందట. నాలుగో రోజే కట్టు విప్పబోయిన డాక్టరును చెయ్యి పట్టుకుని ఆపారట.

“మా కోడలు నర్సు. అది చెబితేనే విప్పనిస్తాను.”

ఇప్పుడు అదే గుడిలో, తల్లిదండ్రులు తమ అమ్మాయికి నర్సింగ్ సీటొచ్చిందని నలుగురికీ వినబడేలా చెప్పుకుంటున్నారు, సలహాలకు నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. దిద్దాల్సిన అవసరమే లేకుండా పోయింది. కాలం మారిందని సంతోషమే, కాదనను. కానీ ఆ డాక్టరుతో అన్న మాట మా అత్తగారు ఒక్కసారి, నేను పక్కనుండగా అని ఉంటే ఆవిడ సొమ్మేం పోయేది?