తేనెరాయికి హద్దు గీయమన్నారు

1986 ఫిబ్రవరి చివరి వారం. సివిల్ డిప్లొమా ముగించి అటవీశాఖలో సర్వేయరుగా చేరి అప్పటికి ఏడాది. మాది ముదిగొండ దగ్గర పొలాల ఊరు. కొండ అంటే నాకు కాగితం మీది కాంటూరు గీతలే, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు.

మణుగూరు దగ్గర బస్సు దిగి అడవి దారిన నడిస్తే ఒక గూడెం వస్తుంది. దాని వెనక ఉన్న నిట్టనిలువు రాతిగోడను తేనెరాయి అంటారు. ఎండాకాలంలో దాని చూరు కింద కొండ తేనెటీగలు తేనెపట్లు పెడతాయి. అంతకుముందు చలికాలంలో ఖమ్మం కాలేజీ కుర్రాళ్ళు కొందరు అక్కడ తాళ్ళతో రాళ్ళెక్కడం నేర్చుకుని, ఇక ఏటా వస్తామని అనుమతి అడిగారు. మా రేంజర్ గారు నన్ను పిలిచారు.

"ఎక్కనిచ్చే జాగ ఏది, ముట్టనియ్యని జాగ ఏది, మ్యాపు మీద గీత గీసుకొని రా. గంతే నీ పని."

నేను తీసుకెళ్ళింది ప్లేన్ టేబుల్. మూడు కాళ్ళ మీద నిలబెట్టే బల్ల అది. దానిపై కాగితం పరిచి, కంటికి కనబడేదాన్ని అక్కడికక్కడే కొలతకు గీస్తాం. తేల్చవలసిన సంగతులు ముందే రాసుకున్నాను: రాయి ఎక్కడ వదులుగా ఉంది, ఈగలు ఎక్కడ దిగుతాయి, గోడకు కొట్టిన పిటాన్లు ఎక్కడెక్కడ ఉన్నాయి. పిటాన్ అంటే రాతి పగులులోకి సుత్తితో దిగగొట్టే ఇనుప మేకు. మేకులు ఉంచమని కుర్రాళ్ళ కోచ్ అంటాడు, పీకమని గూడెం అంటుంది, మధ్యలో నేను గీత గీస్తాను. ఇదీ నా అంచనా.

కోచ్ ప్రభాకర్ గారు గుంటూరు మనిషి. గోడ చూపిస్తూ మొదటి మాటే తలకిందులుగా అన్నారు.

"ఈ మేకులు ఉండకూడదండీ. మొదటిసారి తెలీక కొట్టాం. చూడండి, పగులు దగ్గర పెచ్చులు లేస్తున్నాయి. పీకేసి, ఇకనుంచి పైన చెట్టుకు తాడు కట్టుకుని ఎక్కుతాం."

నేను సంతోషంగా రాసుకుంటుంటే వెనకనుంచి ఎవరో గట్టిగా నవ్వారు. ముత్తయ్య. ఆ గూడెంలో తేనె దింపేవాడు. నలభై దాటి ఉంటాయి. భుజాల మీద పాత కాటు మచ్చలు.

"పీకుడేంది సారూ? ఇంకో నాలుగు కొట్టిచ్చి పో. పుణ్యముంటది."

తికమక పడ్డాను. "మీ కొండకు ఇనుము కొడితే మీకు బాధ లేదా?"

"కొండకు నొప్పైతే కొండ చెప్పుకుంటది. నాకైతే కాలు పెట్టుకోనీకి జాగ కావాలె."

సంగతి మెల్లగా బయటపడింది. ముత్తయ్య పైనుంచి తీగ నిచ్చెన వేలాడేసి దిగుతాడు. నడుముకు ఇంకో తాడు. ఆ తాడును పైన ఒకరు పట్టుకోవాలి. ఎవరు పడితే వాళ్ళు పట్టుకుంటే ఆ గూడెంలో ఒప్పుకోరు, బావమరిదే పట్టాలి. ముత్తయ్య బావమరిది జోగయ్య రెండేళ్ళ కిందట మణుగూరు బొగ్గుగనిలో కాంట్రాక్టు కూలీగా చేరాడు. పోయిన ఎండాకాలం రాలేకపోయాడు. ముత్తయ్యా దిగలేదు. తేనె లేదు, సంతకు పోయేందుకు చేతిలో ఏమీ లేదు. ఈసారి ఆ మేకులు పట్టుకుని ఒంటరిగా ఎక్కుదామని అతని ఆలోచన.

ప్రభాకర్ గారు ముందుకొచ్చారు. "తాడు నేను పడతానయ్యా. దాన్నే మేం బిలే అంటాం. ఎక్కేవాడు జారినా పడకుండా తాడు బిగబట్టడం. నాకు అదే పని."

ముత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు. "నీకు అక్కచెల్లెళ్ళున్నరా సారూ?"

"ఒక అక్క ఉంది. తెనాలిలో."

"నాకియ్యలే గదా మరి."

కుర్రాళ్ళు పడీపడీ నవ్వారు. ముత్తయ్య భార్య లచ్చమ్మ మాత్రం నవ్వలేదు. ఆకులు కుట్టే చేయి ఆపి నా వైపు తిరిగింది.

"నా తమ్ముడు తాడు ఇడిస్తే పొయ్యేది నా బొట్టు. అందుకని ఇడవడు. గా ఇనుముకు ఎవల బొట్టుతో పని? పీకెయ్, సారూ. అవి ఉంటే ఈనొక్కడే ఎక్కుతడా? సంతల బేరగాళ్ళు గూడ ఎక్కుతరు. ఈన సగం పట్టు ఈగలకు ఇడుస్తడు. వాళ్ళు మొత్తం పిండుకపోతరు. మల్ల వచ్చే ఏడు ఈగ వస్తదా?"

"ఊకో," అన్నాడు ముత్తయ్య. "నీ తమ్ముడేడి, చూపియ్."

ఆమె మళ్ళీ ఆకులు కుట్టసాగింది.

ఆ సాయంత్రం గుడారంలో కూర్చుని రిపోర్టు కోసం 'రాయి ఎక్కేవాడు' అన్న మాటకు నిర్వచనం రాయబోయాను. తాడుతో ఎక్కేవాడు అంటే కోచ్, ముత్తయ్య ఇద్దరూ వస్తారు. ఇనుము కోరేవాడు అంటే ముత్తయ్య ఒక్కడే మిగులుతాడు. ఊరివాడు, బయటివాడు అని విడదీస్తే, రాయి బాగు కోరుతున్నది బయటివాడు. ప్రాణానికి భద్రత అంటే మేకులుండాలి, ఈగలకు భద్రత అంటే ఉండకూడదు. ఏ గీత గీసినా ఎవరో ఒకరు తప్పు వైపు పడుతున్నారు. డిప్లొమాలో నాకిలాంటి లెక్క ఇవ్వలేదు.

ఆదివారం జోగయ్య వచ్చాడు. వస్తూనే కయ్యం.

"బావా, నీ తేనె కోసం నేను నాగా పెట్టాల్నా? నాలుగు నాగాలైతే పేరు కొట్టేస్తరు." నాగా అంటే చెప్పకుండా పని మానడం.

"నా కోసం రాకురా. మీ అక్క కోసం రా."

"అక్క పేరు జెప్పి పెండ్లి నాటినుంచి గుంజుతనే ఉన్నవ్. తాడు పైనున్నది నేనా, నువ్వా?"

లచ్చమ్మ అప్పుడు నవ్వింది. కానీ జోగయ్య వస్తానని మాటివ్వకుండానే సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు.

నా రిపోర్టులో ఇలా రాశాను. మేకులన్నీ పీకేయాలి. చలికాలంలోనే, తూర్పు వాలు మీదే, పైనుంచి కట్టిన తాడుతోనే కుర్రాళ్ళు ఎక్కాలి. పట్లు పెట్టే పడమటి గోడ గూడెం వాళ్ళకే. చివరగా ఇంకోటి చేర్చాను: తేనె దింపే రోజుల్లో జోగయ్యకు పని నుంచి సెలవు ఇప్పించాలి.

రేంజర్ గారు అక్కడ ఆగిపోయారు. "సర్వే చెయ్యమంటే బొగ్గుపని సెలవులు రాసుకొచ్చినవేందయ్యా?"

"అది లేకపోతే పైవేవీ నిలవవు సార్. తాడు పట్టేవాడు లేకపోతే ముత్తయ్యే మళ్ళీ ఇనుము కొడతాడు."

"నీ బల్ల మీద గని కనబడ్డదా?"

"లేదు సార్."

"కనబడనిది మన హద్దుల లేనట్టే." ఆ వాక్యం కొట్టేసి మిగతాదానికి సంతకం పెట్టారు. ఆయన అన్నదీ నిజమే. గని మా చేతిలోది కాదు.

మేకులు పీకే రోజు నేనూ ఉన్నాను. ఒక్కోటి కింద పడుతుంటే ముత్తయ్య ఏరి సంచిలో వేసుకున్నాడు. గొడ్లను కట్టేయడానికి పనికొస్తాయట. వెళ్ళేటప్పుడు నన్నడిగాడు: "ఇప్పుడు నాకేం జెప్తవ్ సారూ?"

మే నెలలో హద్దు రాళ్ళు నాటించడానికి మళ్ళీ వెళ్ళాను. గోడ నెత్తిన తాడు కనబడింది. దాని చివర జోగయ్య. చెట్టు మొదలుకు కాలు తన్నిపెట్టి, ఈగలను తరిమేందుకు పెట్టిన పొగకు కళ్ళు మూసుకుని, కింద వేలాడుతున్న బావను బూతులు తిడుతున్నాడు. తాడు మాత్రం అంగుళం జారలేదు. ముత్తయ్య పైకి వచ్చేదాకా ఆగి జోగయ్యను అడిగాను, పని సంగతేమిటని.

"పేరు కొట్టేసిన్రు," అన్నాడు అరచేతులు ఊదుకుంటూ. "కూలి ఇంకోకాడ దొరుకుద్ది."

లచ్చమ్మ ఆకులో తేనె పోసి నా చేతికిచ్చింది. తిన్నాను. రాయి చెక్కు చెదరలేదు, ఈగలకు సగం పట్టు మిగిలింది, ముత్తయ్య ప్రాణంతో ఉన్నాడు. నా రిపోర్టు పనిచేసిందని ఆఫీసులో అందరూ అన్నారు. దాన్ని పనిచేయించినవాడి పని పోయింది.

ఆ తర్వాత ఏ జాగాకు హద్దు గీయమన్నా, బల్ల నిలబెట్టకముందే ఒకటి అడుగుతున్నాను: ఇక్కడ తాడు పట్టేదెవరు, ఇప్పుడు వాళ్ళెక్కడున్నారు? జవాబు చాలాసార్లు నా కాగితం అంచు దాటి పోతుంది. తేనెరాయి మ్యాపు ఇప్పటికీ మా ఆఫీసులో ఉంది. కొలతలో తప్పులేదు. అయినా ఆ కొండ ఎక్కడిదాకా ఉందో నాకు తెలిసిందని మాత్రం చెప్పలేను.