రామచంద్రప్ప మామ గుండెనొప్పి

మా రామచంద్రప్ప మామకు గుండెనొప్పి రాని నెల లేదు. పెళ్లి పందిట్లో వస్తాది, టమోటా మండీలో వస్తాది, ఒక తూరి ఎవరిదో తిథి భోజనంలో పాయసం తాగినాక వచ్చింది. వచ్చినప్పుడల్లా రొమ్ము పట్టుకొని కూలబడి, పక్కన ఒకరి చెయ్యి పట్టుకొని, తోడు రాప్పా అంటాడు.

మా ఉద్దనపల్లి పక్క ఆస్పత్రికి తోడు రానన్నోడికి పిల్లనిచ్చేవాళ్లు కూడా ఉండరు. అందుకని తిట్టుకుంటానే పోతారు. హోసూరులో ఈసీజీ తీస్తే మామ గుండె గడియారం మాదిరి కొట్టుకుంటా ఉంటాది. ఆనక తోడొచ్చినోళ్లకు ఇడ్లీ తినిపించి, ఏమీ జరగనట్టు ఇంటికొస్తాడు. ఊరంతా ఆయనకు పిరికి రామచంద్రప్ప అని పేరు పెట్టింది. మా అమ్మకు సొంత తమ్ముడైతే మాత్రం నాకు నవ్వు ఆగుతాదా?

మొన్న కోతలప్పుడు మా ఇంటాయన మునిరాజు పొద్దున్నే తోటలోంచి వచ్చి అరుగు మీద కూలబడినాడు. ఒళ్లంతా చల్లని చెమట. రొమ్ములో అదిమినట్టుందంట, నొప్పి దవడ దాకా పాకుతా ఉందంట. ముందురోజు టమోటా క్రేటు ఎత్తుతా కళ్లు తిరిగి పడినాడు కూడా. వాళ్ల నాయన నలభై నిండకుండానే చేన్లో ఉన్నట్టుండి పోయినాడు. ఆస్పత్రికి పదమంటే, "రాత్రి తిన్న రాగిముద్ద అరగలేదు వినుతా, గ్యాసు" అని సోడా పట్టుకొని కూర్చున్నాడు. బతిమాలినా తిట్టినా మనిషి కదలడు.

అప్పుడే నారు అడిగేదానికి మామ వచ్చినాడు. మునిరాజు మొహం చూసినాడు, సోడా చూసినాడు, ఉన్నచోటనే రొమ్ము పట్టుకొని కూలినాడు.

"మునిరాజా, నా పని అయిపోయిందప్పా. తోడు రా."

నాకు ఒళ్లు మండింది. ఇంట్లో మనిషి ఇట్లుంటే నడుమ ఈయన నాటకమొకటి. కానీ మునిరాజు సోడా పక్కన పెట్టి లేచినాడు. రానంటే ఊళ్లో తలెత్తుకునేదెట్ల? నూటెనిమిదికి ఫోన్ చేసి దోవ చెప్పింది కూడా ఆ చచ్చిపోతా ఉన్న మామే. బండి వస్తే స్ట్రెచర్ ఎక్కడు. పడుకుంటే తనకు ఆయాసమని మునిరాజును పడుకోబెట్టి, తాను పక్కన కూర్చొని మూలిగినాడు. ఆస్పత్రిలో, ముందు వీనికి ఈసీజీ తీయండమ్మా, చూస్తే నాకు ధైర్యం వస్తాది అన్నాడు. నర్సమ్మ మామను ఒక్క మాటా అడక్కుండా వైర్లు మునిరాజుకు అంటించింది.

గీత చూసి డాక్టరు పరిగెత్తుకొచ్చినాడు. ఆ మంచం మీదనే మునిరాజు గుండె ఆగింది. షాక్ పెట్టి మళ్లీ కొట్టించినారు, మూసుకున్న రక్తనాళంలో స్టెంట్ వేసినారు. ఇంట్లోనే ఉండింటే దక్కేవాడు కాదన్నారు.

మునిరాజు కళ్లు తెరిచి గంజి తాగినాక నేను మామ కోసం వెతికితే, క్యాంటీన్లో ఇడ్లీ తింటా ఉన్నాడు.

"మామా, నీకు ఎప్పుడన్నా నిజంగా నొప్పొచ్చిందా?"

మామ ఇడ్లీని చట్నీలో అద్దినాడు.

"నిజంగా వచ్చినోడు ఇంత గట్టిగా చెప్తాడామ్మా? గ్యాసంటాడు."

అప్పుడు గుర్తుకొచ్చింది. ఆయన తోడు తీసుకుపోయినోళ్లంతా నాలుగడుగులేస్తే ఆయాసపడేవాళ్లు, ఉన్నట్టుండి కళ్లు తిరిగేవాళ్లు. అట్ల తోడు పోయి తన గుండెజబ్బు బయటపడిన శ్రీనివాసప్ప ఈ పొద్దు మాత్రలేసుకుంటా నడుస్తా ఉండాడంటే మామ పుణ్యమే. ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది.

కానీ ఈ సంగతి ఊరికి తెలిస్తే ఇంక ఎవరూ తోడు పోరు. అందుకే ఇప్పుడు మా ఊళ్లో మామను పిరికోడని అందరికంటే గట్టిగా తిట్టేది నేనే.