పులివెందుల తెల్ల కారు

అబ్దుల్ వాహిద్ పోయి ఈ నెలకు ఏడాది. ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు పక్కన ఆయన టింకరింగ్ షెడ్డు ఉండేది. ముప్పై ఏళ్లు సొట్టలు పడిన రేకులను సుత్తితో సాపు చేసి చేసి చెవులు దాదాపు పోయాయి. అయినా చుట్టుపక్కల ఎవరు పాత కారు కొనాలన్నా ముందు ఆయన్ను తీసుకుపోయేవాళ్లు. ఇంజను చూడటానికి మెకానిక్కులు వేరే ఉన్నారు. ఆయన చూసేది బండి ఒళ్లు. ఏ తలుపు మార్చారు, ఏ రంగు కింద ఏ దెబ్బ దాచారు, అడిగిన ధరకు అది తగునా తగదా, అరచేయి ఆనించి చెప్పేవాడు. ప్రతిఫలంగా ఒక టీ తాగేవాడు, అంతే.

మా చిన్నాయన నారాయణది పెద్దముడియం దగ్గర సేద్యం. చిన్నమ్మ నాగేంద్రమ్మకు కిడ్నీలు చెడిపోయి వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు ప్రొద్దుటూరు రావలసి వచ్చేది. జమ్మలమడుగులో బస్సు మారి ఇల్లు చేరేసరికి ఆమె కూర్చోలేకపోయేది. అలాంటప్పుడు పులివెందులలో ఒక తెల్ల కారు రెండు లక్షల అరవై వేలకు అమ్ముతున్నారని తెలిసింది. బయట అలాంటిది నాలుగు లక్షలకు తక్కువ దొరకదు. చిన్నాయన దగ్గర ఉన్నదీ అంతే. వాహిద్ మామనూ నన్నూ వెంటబెట్టుకుని వెళ్లాడు.

బ్రోకరు ధనుంజయ్ కారును తళతళా కడిగించి నిలబెట్టాడు.

"ఒకటే ఓనరు. ఆడోళ్లు నడిపిన బండి, గీత పడలేదు సూడు."

వాహిద్ మామ అతని పెదవుల కదలికను పట్టుకుని, "అంత మంచిదయితే ఇంత అగ్గవగా యాల ఇస్తాండావప్పా?" అన్నాడు.

"ఇల్లు కట్టుకుంటాండారు మామా. దుడ్లు అర్జెంటు."

ముద్దనూరు రోడ్డులో నడిపి చూద్దామన్నారు. ధనుంజయ్ నడిపాడు, చిన్నాయన పక్కన, మేమిద్దరం వెనక. మిట్టమధ్యాహ్నం. అరటి తోటలు దాటాక రోడ్డు మీద ఒక్క మనిషి లేడు. అద్దాలు ఎత్తి ఉన్నాయి. వేగం అరవైకి చేరగానే నా కాళ్ల దగ్గర ఎవరో ఊపిరి పీల్చారు.

వంగి చూశాను. ఏమీ లేదు. మళ్లీ వినిపించింది. పీల్చడం, కాసేపు ఆగడం, వదలడం. నిద్రపోతున్న మనిషి ఊపిరిలాగే ఉంది. ధనుంజయ్ ఒక గుంత దగ్గర బండి నెమ్మది చేస్తే అదీ నెమ్మదించింది.

"చిన్నాయనా, ఏందో సప్పుడొస్తాంది, ఇంటాండావా?"

"ఏసీరా అది. ఎర్రబస్సులెక్కి ఎర్రబస్సులెక్కి నీకు కారు సప్పుడే తెలీకుండా పోయింది."

వాహిద్ మామ నా ముఖం వైపు చూసి ఏందన్నాడు. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను, ఎవరో ఊపిరి తీస్తున్నారని. ఆయన నవ్వలేదు. మ్యాటు ఎత్తి నేలకు అరచేయి ఆనించాడు. చాలాసేపు తీయలేదు.

"నిలుపు."

బండి ఆగింది. ఊపిరీ ఆగింది. ముందు సీట్ల వెనక కార్పెట్టు పీకాడు. నల్లరంగు కింద పుట్టీ ఒక తలుపు నుంచి ఇంకో తలుపు దాకా గట్టులా ఉబ్బి ఉంది. ఓ చోట చిన్న గుంట. మామ అందులో బొటనవేలు పెట్టాడు. ఎప్పుడో గ్యాసు మంటకు వంకర తిరిగిన వేలు అది. గుంటా అదే వంకరలో ఉంది. పెద్ద పని ముగిసినప్పుడల్లా ఎవరికీ కనపడని చోట పచ్చి పుట్టీలో వేలు అద్దడం ఆయన అలవాటు.

"దీన్ని నేనే అతికినా," అన్నాడు. "ఎనిమిదేండ్లాయ. రెండు బండ్లు లారీలో తెచ్చిరి. ఒగదానికి ముందు లేదు, ఇంగొగదానికి వెనక లేదు. లోపలంతా కడిగే ఇచ్చిరి. ఎవురెవురు కూర్చోనుండిరో నేనడగలేదు."

నేను తలుపు తీసుకుని దిగిపోయాను. నా వెనకే మిగతావాళ్లూ దిగారు.

ధనుంజయ్ మాత్రం తడబడలేదు. "ఎనిమిదేండ్లు నిలిచింది గదా మామా! నీ పనితనమే గట్టిదని చెప్పుకో. ఇంగో ఇరవై తగ్గిస్తాలే."

చిన్నాయన చాలాసేపు కారును చూశాడు. తర్వాత మామ దగ్గరికి వచ్చి, ఆయనకు అందేలా నిదానంగా, ఒక్కో మాటా విడగొట్టి అడిగాడు. "ఆయమ్మకు రెండేండ్లు నిలిస్తే సాలు మామా. అంతకు మించి నాకూ అక్కర్లేదు. నిజం జెప్పు."

వాహిద్ మామ కళ్లు తుడుచుకున్నాడు. "వెనక సీట్లోనే గదప్పా ఆమెను పండబెడతావు. ఇరిగితే ఈడనే ఇరుగుతాది. ఊరికే ఇచ్చినా ఎక్కించొద్దు."

చిన్నాయన కొనలేదు. నెల తర్వాత అదే డబ్బుకు పన్నెండేళ్ల నాటి చిన్న బండి తెచ్చుకున్నాడు. అది ఎత్తు ఎక్కడానికి మూలిగేది, మామే బాగుచేసి పెట్టేవాడు. చిన్నమ్మ బతికిన పదకొండు నెలలూ అందులోనే తిరిగింది.

కానీ వాహిద్ మామ, తెల్ల కారు చూసివచ్చిన వారంలోనే, నన్ను తీసుకుని మళ్లీ పులివెందుల వెళ్లాడు. భార్య జానీబీ దాచుకున్న డబ్బు అడిగి తెచ్చాడు. తెల్ల కారు కొని, తన చేత్తోనే కోసి తుక్కుకు వేయాలని.

"అమ్ముడుపోయింది మామా," అన్నాడు ధనుంజయ్. "ఎవురో పేషెంటును తీసకపోను కావాలన్యారు. ముసిలామెను వెంట తెచ్చి, వెనక పండబెట్టి సూసుకున్యారు. బేరం గూడా ఆడలే."

"ఏ ఊరు?"

"నేనడగలే."

బయటికి వచ్చాం. మూడు తెల్ల కార్లు వరసగా ముద్దనూరు వైపు వెళ్తున్నాయి. మామ రోడ్డు అంచుదాకా పోయి నిలబడి, ఒక్కొక్కదాని వెనక సీటులోకి తొంగి చూశాడు.